తేనెలో ఇనుము ఉందా? ఎంతుందో చెప్పండి!

తేనెలో 27 రకాల ఖనిజాలున్నాయట. కొందరు 22 అంటారు, ఇంకొందరు 30 దాటిస్తారు. ఇనుము, రాగి, జింకు, మాంగనీసు, మెగ్నీషియం, పొటాషియం, కాల్షియం... వాట్సాప్‌లో వచ్చే జాబితా చదువుతుంటే తుట్టె పట్టింది చెట్టు కొమ్మకా లేక గని గోడకా అని అనుమానం వస్తుంది. ఆ జాబితాలో అన్నీ ఉంటాయి. ఒక్కటి మాత్రం ఉండదు. అంకె! ఏది ఎంత ఉందో ఎవరూ రాయరు.

నేను రసాయన శాస్త్రవేత్తను కాను, వైద్యుణ్ణి అసలే కాను. బీకాం చదివి రక్షణ శాఖ లెక్కల విభాగంలో చేరి, ముప్పయ్యేళ్లకు పైగా వోచర్లు తిరగేసి రిటైరయినవాణ్ణి. బియ్యం దగ్గర్నుంచి బూట్ల లేసుల దాకా సైన్యానికి వచ్చే ప్రతి వస్తువుకీ పేరు, పరిమాణం, ధర అనే మూడు గడులు ఉంటాయి. పేరు రాసి పరిమాణం గడి ఖాళీగా వదిలిన వోచరును ఏ ఆడిటరూ పాస్ చెయ్యడు. "సరుకు వచ్చింది సార్, చాలా మంచి సరుకు" అని స్టోర్ కీపరు ఎంత చెప్పినా సరే. తేనె ఖనిజాల గురించి నాకున్న అభ్యంతరం కూడా ఆ మాదిరిదే. ఖనిజాలు లేవని నేను అనడం లేదు. ఉన్నాయి. ఎన్ని గ్రాములు అని అడుగుతున్నాను, అంతే.

ఆ గడి మనమే నింపుదాం. అమెరికా వ్యవసాయ శాఖ వారి ఆహార పట్టికలు ఎవరైనా చూడొచ్చు. వాటి ప్రకారం 100 గ్రాముల తేనెలో చక్కెరలు 82 గ్రాములు, నీళ్లు 17 గ్రాములు. రెండూ కలిపితే 99 అయిపోయింది! మిగిలిన ఆ కాస్తలోనే మాంసకృత్తులు, ఆమ్లాలు, రంగు, వాసన, పుప్పొడి, ఖనిజాలు అన్నీ సర్దుకోవాలి. ఖనిజాల్లో పెద్దన్న పొటాషియం, 52 మిల్లీగ్రాములు. కాల్షియం 6, ఫాస్ఫరస్ 4, సోడియం 4, మెగ్నీషియం 2. ఇనుము 0.42 మిల్లీగ్రాములు. జింకు 0.22. మాంగనీసు 0.08. రాగి 0.036.

మిల్లీగ్రాములు మనసుకెక్కవు కాబట్టి రూపాయల్లోకి మారుద్దాం. 100 గ్రాముల తేనెను 100 రూపాయలు అనుకోండి. అందులో 82 రూపాయలు చక్కెర, 17 రూపాయలు నీళ్లు. ఖనిజాలన్నీ కలిపి 7 పైసలు. ఆ 7 పైసల్లో 5 పైసలు ఒక్క పొటాషియానివే. ఇక మన ఇనుము వాటా పైసాలో ఇరవై నాలుగో వంతు. రాగి గురించి చెప్పాలంటే పైసాను ముక్కలు చెయ్యడానికి కొత్త నాణెం కనిపెట్టాలి.

ప్రభుత్వ బడ్జెట్లలో టోకెన్ ప్రొవిజన్ అని ఒకటుంటుంది. ఒక పద్దు పేరు పుస్తకంలో ఉండాలి, ప్రస్తుతానికి దానికి డబ్బు మాత్రం ఇవ్వరు. అప్పుడు ఆ పేరు ఎదురుగా ఏ వెయ్యి రూపాయలో వేసి వదిలేస్తారు. ఫలానా ఊరికి వంతెన మంజూరయిందని ఆ కాగితం పట్టుకుని ఊరేగేవాళ్లు ఉంటారు. ఆ వెయ్యి రూపాయలతో వంతెన కాదు కదా, శంకుస్థాపన రాయి కూడా రాదు. తేనెలోని 27 ఖనిజాలూ ఈ రకం పద్దులే.

ఎంత కావాలో తెలియకపోతే ఎంత ఉందన్నది అర్థం కాదు కదా. ఆ లెక్క చెప్పే సంస్థ మన హైదరాబాదులోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం రోజుకు ఇనుము మగవాడికి 19 మిల్లీగ్రాములు, ఆడమనిషికి 29 మిల్లీగ్రాములు కావాలి. తేనెతోనే 29 మిల్లీగ్రాములు రావాలంటే ఎంత తేనె తాగాలి? దాదాపు 6 కిలోల 900 గ్రాములు. రోజుకు! ఆ తేనెతో వచ్చే శక్తి 21 వేల కేలరీలు, అంటే మనిషి పది పన్నెండు రోజులు తినే తిండి. టీ చెంచాల్లో చెప్పమంటే చెంచాకు 7 గ్రాముల లెక్కన తొమ్మిది వందల ఎనభై చిల్లర చెంచాలు. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా కలుపుకుని "రక్తం పడుతుంది" అనుకునేవాళ్లు ఇంకా తొమ్మిది వందల ఎనభై చెంచాలు బాకీ ఉన్నారన్నమాట.

"అవి సూక్ష్మ ధాతువులండీ, సూక్ష్మంగానే కావాలి, తేనెలో సూక్ష్మంగానే ఉన్నాయి, ప్రకృతి ఎంత తూకంగా ఇచ్చిందో చూడండి!" అని ఒక పెద్దమనిషి నాతో వాదించారు. వినడానికి బాగుంటుంది. కానీ సూక్ష్మం అన్నమాటకూ అంకె ఉంది. జింకు సూక్ష్మ ధాతువే. ఆడమనిషికి రోజుకు 13.2 మిల్లీగ్రాములు కావాలి. తేనెలో 100 గ్రాములకు 0.22 ఉంది. భాగించి చూడండి, 6 కిలోలు. సూక్ష్మం అవసరానికీ ఒక కొలతే, సరుకుకూ ఒక కొలతే. రెండూ చిన్న అంకెలే కాబట్టి సరిపోతాయి అనడం, "నాకు అప్పు కొంచెమే, నా జేబులో డబ్బూ కొంచెమే, కనుక తీరిపోయింది" అనడంలా ఉంది.

ఇంకొకరు "అది తెల్ల తేనె లెక్క, మా అడవి తేనె నల్లగా ఉంటుంది, అందులో చాలా ఎక్కువ" అంటారు. ఇందులో కొంత నిజం ఉంది, ఒప్పుకుందాం. లేత రంగు తేనెలకన్నా ముదురు రంగు తేనెల్లో ఖనిజాలు ఎక్కువే. పూలతేనెలో బూడిద శాతం సాధారణంగా చాలా తక్కువ. పూల మకరందం కాకుండా చెట్ల మీద పురుగులు విడిచే తీపి ద్రవాన్ని తేనెటీగలు పోగుచేస్తే వచ్చే తేనెలో ఎక్కువ. కనుక నల్ల తేనెకు ఐదు రెట్లు ఇద్దాం, బేరం లేకుండా. ఇనుము 2.1 మిల్లీగ్రాములయింది. ఇప్పుడు రోజుకు 1 కిలో 380 గ్రాములు తాగితే చాలు. సంతోషమేనా?

మన వంటింట్లో దీనికి పోటీదారులు ఎవరో చూస్తే ఈ గొప్పంతా ఏమిటో తెలుస్తుంది. 100 గ్రాముల ఉలవల్లో ఇనుము 6 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. రాగుల్లో కాల్షియం 300 మిల్లీగ్రాములు దాటుతుంది, తేనెలో 6. అరటిపండులో పొటాషియం 300 పైనే, తేనెలో 52. ఉలవచారుకు, రాగి సంకటికి టీవీలో ప్రకటన వెయ్యరు. వాటికి గాజు సీసా లేదు, సీసా మీద పువ్వు బొమ్మా లేదు. బెల్లంలో తేనెకంటే ఇనుము చాలా ఎక్కువ, మన పోషకాహార సంస్థ పట్టికల్లో 100 గ్రాములకు 4 మిల్లీగ్రాములు దాటుతుంది. అలాగని బెల్లంతో రక్తహీనత పోతుందని నేను చెప్పను. బెల్లమూ చక్కెరే, కిలోల లెక్కన తినలేం. తేనె పేరు మీద జరిగే ప్రచారమే రేపు బెల్లం పేరు మీద జరిగితే దానికీ ఈ ఆడిట్ తప్పదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే. పాత ఆహార కల్తీ నిరోధక నిబంధనల్లో తేనెకు బూడిద పరిమితి ఉండేది. బూడిద అంటే తేనెను కాల్చాక మిగిలేది, అంటే మన ఖనిజాలే. 0.5 శాతానికి మించకూడదు అని రాశారు. మించకూడదు! "కనీసం ఇంత ఉండాలి" అని కాదు. చట్టం దృష్టిలో ఖనిజాలు ఎక్కువైతే తేనె అనుమానించదగ్గది, సుగుణం కాదు. అంతర్జాతీయ ప్రమాణాల్లోనూ తేనె గుండా కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలిచి పూలతేనెకు గరిష్ఠ పరిమితే పెట్టారు. లవణాలు ఎక్కువుంటే కరెంటు ఎక్కువ పారుతుంది, అదీ సూత్రం. అది ఏ రకం తేనెో గుర్తుపట్టడానికి, బలం కొలవడానికి కాదు.

2018 నుంచి మన ఆహార భద్రతా సంస్థకు ప్రకటనల మీద కూడా నిబంధనలున్నాయి. ఘనాహారం ఏదైనా ఫలానా ఖనిజానికి "వనరు" అని సీసా మీద రాసుకోవాలంటే 100 గ్రాముల్లో రోజువారీ అవసరంలో కనీసం 15 శాతం ఉండాలి. మగవాడి అవసరం 19 మిల్లీగ్రాములు తీసుకున్నా 15 శాతమంటే 2.85. తేనెలో ఉన్నది 0.42, అంటే 2 శాతం చిల్లర. పరీక్షలో 35 మార్కులకు పాస్ అయితే 5 మార్కులు వచ్చినట్టు. అందుకే మీ ఇంట్లో తేనె సీసా ఉంటే తిప్పి వెనక పట్టిక చదవండి. కేలరీలు, కార్బోహైడ్రేట్లు, చక్కెరలు కనిపిస్తాయి. ఇనుము గడి కోసం వెతకండి. "సహజ ఖనిజాల సంపద" లాంటి మాటలకు అంకె అక్కర్లేదు, అంకె లేనిదానికి జరిమానా లేదు.

ఇదంతా పెద్దల జ్ఞానం, మీలాంటివాళ్లకు అర్థం కాదు అనేవారికి ఒక మాట. చరకుడు తేనెను నాలుగు రకాలుగా, సుశ్రుతుడు ఎనిమిది రకాలుగా విడదీశారు. ఏ ఈగ పెట్టింది, రుచి ఏమిటి, ఏ దోషానికి వాడాలి అని వాళ్ల పద్ధతిలో వాళ్లు చెప్పుకున్నారు. పొటాషియం, మాంగనీసు అని వాళ్లెక్కడా అనలేదు, అనే వీలూ లేదు. ఖనిజాల జాబితా ప్రాచీనుల మాట కాదు, ప్రయోగశాల మాట. ప్రయోగశాల నుంచి పేర్లు మాత్రం తీసుకుని, పేరు పక్కన ఉన్న అంకెను అక్కడే వదిలేసి వచ్చారు మనవాళ్లు. శాస్త్రాన్ని నమ్మనివాడితో నాకు పేచీ లేదు. సగం కాగితం చింపి చూపించేవాడితోనే పేచీ.

మరి ఈ లోహాలు తేనెలోకి ఎలా వస్తాయి? మట్టిలోంచి మొక్క వేరుకు, అక్కణ్ణుంచి మకరందానికి, పుప్పొడికి. అది ఒక దారి. ఈగ ఒంటి నిండా నూగు ఉంటుంది, గాలిలోని దుమ్ము దానికి అంటుకుంటుంది. అది రెండో దారి. తుట్టె నుంచి సీసాదాకా తేనె తగిలిన పాత్రలు మూడో దారి. తేనె తియ్యగా ఉంటుంది కానీ ఆమ్ల గుణం కలది. దాని పీహెచ్ దాదాపు 4. జింకు పూత పూసిన రేకు డబ్బాలో, తుప్పు పట్టిన డ్రమ్ములో ఉంచితే ఆ లోహాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. అందుకే మన అమ్మమ్మలు గాజు సీసాలోనో జాడీలోనో పోశారు. కనుక ఎవరైనా "మా తేనెలో ఇనుము ఎక్కువ" అని రిపోర్టు చూపిస్తే నా మొదటి ప్రశ్న, ఆ ఇనుము పువ్వుదా, డ్రమ్ముదా?

ఈగకు మంచి లోహం, చెడ్డ లోహం అనే విచక్షణ లేదు. మట్టిలో, గాలిలో ఏముంటే అది తెస్తుంది. 2019 ఏప్రిల్‌లో పారిస్‌లో నోత్ర్ దామ్ చర్చి తగలబడింది. పైకప్పులోని వందల టన్నుల సీసం మంటల్లో పడింది. ఆ పొగ వెళ్లిన దిక్కున ఉన్న తేనెపట్టుల నుంచి ఆ వేసవిలోనే తేనె తీసి, కెనడాలోని వాంకూవర్ శాస్త్రజ్ఞులు పరీక్షించారు. సీసం మామూలుకన్నా ఎక్కువగా కనిపించింది. ఆ ఫలితాలు 2020లో ప్రచురించారు. వాంకూవర్ నగరంలోనూ వాళ్లు అంతకుముందే ఈ పని చేశారు. ఏ పేట తేనెలో సీసం ఎంత ఉంది, దాని ఐసోటోపులు ఎలా ఉన్నాయి అని చూసి, ఓడరేవు దగ్గర, రద్దీ పేటల్లో తేడా పట్టారు. అంటే శాస్త్రానికి తేనెలోని లోహాలు పనికొస్తాయి. ఊరి గాలి ఎలా ఉందో చెప్పే సాక్షిగా పనికొస్తాయి, టానిక్కుగా కాదు.

ఇప్పుడు నా అసలు ప్రశ్న. పారిస్ తేనెలో సీసం కనిపించింది అనగానే తేనె అభిమాని ఏమంటాడు? "అబ్బే, అది ఎంతండీ, కిలోకు మిల్లీగ్రాములో పదో వంతు కూడా లేదు, దానివల్ల ఏమవుతుంది?" అంటాడు. నిజమే! యూరప్‌లో తేనెకు సీసం పరిమితి కిలోకు 0.10 మిల్లీగ్రాములు, పారిస్ తేనె ఆ లోపే ఉంది. తినేవాళ్లు భయపడనక్కర్లేదని ఆ శాస్త్రజ్ఞులే చెప్పారు. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నా, మనిషి తినే చెంచాడు తేనెలో అది మరీ స్వల్పం కనుక ఊరుకుంటాం. బాగానే ఉంది. మరి సీసం దగ్గర "ఎంత?" అని అడిగిన నోరే ఇనుము దగ్గర ఎందుకు మూతపడింది? ఖర్చు రాసేటప్పుడు పైసలు వదిలేసి, జమ రాసేటప్పుడు పైసలను రూపాయలుగా చూపే లెక్కల పుస్తకాన్ని మా ఆఫీసులో ఏమనేవాళ్లో ఇక్కడ రాయను.

దీనికింత రాద్ధాంతం ఎందుకు, తేనె తింటే ఎవరి సొమ్ము పోయింది అంటారా? పోతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి, ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. సగం మందికి పైగా! ఈ మనుషులకే "మాత్రలెందుకమ్మా, తేనెలో అన్నీ ఉన్నాయి" అని చెబుతున్నారు.

మా మేనకోడలి సంగతి చెబుతాను. ఒక్కరి కథ రుజువు కాదని నాకు తెలుసు, రుజువు పైన లెక్కలో ఉంది. రెండేళ్ల క్రితం ఆ అమ్మాయికి ఐదో నెలలో హిమోగ్లోబిన్ 8.4 అని వచ్చింది. గర్భిణికి 11 ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ఇనుము మాత్రలు ఇచ్చి రోజుకొకటి వేసుకోమంది. నాలుగు రోజులు వేసుకుంది. కడుపులో తిప్పింది, విరేచనం నల్లగా అయింది. ఇంట్లో కంగారు పడ్డారు. ఆ వారంలోనే ఆ ఊళ్లో ఒక ప్రకృతి వైద్య శిబిరం జరిగింది. వాళ్ల అత్తగారు వెళ్లి వచ్చారు. తేనెలో నానబెట్టిన ఖర్జూరాలు పొద్దున రెండు, రాత్రి రెండు, ఇక మాత్రలు అక్కర్లేదు అని శిబిరంలో చెప్పారట. వాళ్ల దగ్గరే తేనె కూడా అమ్మారట, అది వేరే సంగతి.

నేను ఫోన్ చేస్తే ఆవిడ చాలా మర్యాదగానే మాట్లాడారు. "అన్నయ్యగారూ, మాత్రలు వేడి చేస్తాయండీ. పిల్ల నల్లగా పుడుతుందని కూడా అంటున్నారు. తేనె అయితే సహజం కదా." ఆవిడకు కోడలంటే ప్రేమ లేక కాదు. ఖరీదైన తేనె కొని, ఖర్జూరాలు తానే నానబెట్టి, దగ్గరుండి తినిపించారు. ఆరు వారాల తర్వాత పరీక్ష చేయిస్తే 8.1. తరువాత ఆస్పత్రిలో సెలైన్ ద్వారా ఇనుము ఎక్కించాల్సి వచ్చింది. కాన్పుకు ఒక సీసా రక్తం సిద్ధం చేసుకోవాల్సి వచ్చింది. తల్లీ బిడ్డా క్షేమం. నాకు కోపం ఆవిడ మీద లేదు. మైకు పట్టుకుని "అన్నీ ఉన్నాయి" అని చెప్పి, ఎంత ఉన్నాయో చెప్పకుండా డబ్బు లెక్కపెట్టుకుని వెళ్లినవాళ్ల మీద ఉంది.

ఆ నర్సమ్మ ఉచితంగా ఇచ్చిన మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, తోడు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. ఆ 60 మిల్లీగ్రాములు తేనెలో కావాలంటే 14 కిలోల 300 గ్రాములు. కిలో 400 రూపాయల చొప్పున 5,700 రూపాయలు. ఒక్క రోజుకి! మాత్రలోని ఇనుమంతా ఒంటికి పట్టదు అని మీరనవచ్చు. నిజం, కొంతే పడుతుంది. తేనెలోని ఇనుమూ అంతా పట్టదు. "సహజమైన ఇనుము బాగా పడుతుంది" అనేది మరో ముచ్చట. మాంసంలోని ఇనుము తేలికగా పడుతుందన్నది రుజువైన విషయం. తేనెలోది ఆ రకం కాదు, ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న రకమే. ఇనుము ఒంటికి పట్టడానికి సాయం చేసేది విటమిన్ సి. కనుక ఆ "తేనె నిమ్మరసం" గ్లాసులో ఏదైనా పని చేసేదుంటే అది నిమ్మకాయ. మెచ్చుకోలు తేనెకు, పని నిమ్మకాయది.

చక్కెర వ్యాధి ఉన్నవాళ్లనూ ఈ ఖనిజాల మాటతోనే మోసం చేస్తున్నారు. "పంచదార మానెయ్యండి, తేనె వాడండి, అందులో పోషకాలున్నాయి" అని. పెద్ద చెంచాడు తేనె 21 గ్రాములు, అందులో 17 గ్రాములు చక్కెర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర మీద ఇచ్చిన సూచనల్లో తేనెను కూడా పంచదార, సిరప్పులతో కలిపి ఒకే పద్దు కింద వేసింది. ఆ చెంచాడులో దొరికే ఇనుము 0.09 మిల్లీగ్రాము. దాని కోసం 17 గ్రాముల చక్కెర మింగడం లాభసాటి వ్యాపారమా?

పసిపిల్లల సంగతి ఇంకా ఘోరం. పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాయడం, వస అరగదీసి తేనెతో నాకించడం చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉంది. ఈమధ్య పుష్యమి నక్షత్రం నాడు బంగారు భస్మం తేనెలో రంగరించి చుక్కలు వేసే శిబిరాలు కూడా వెలిశాయి. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టకూడదని వైద్యులు మొత్తుకునేది ఖనిజాల వల్ల కాదు. బాట్యులిజం కలిగించే సూక్ష్మజీవి బీజాలు తేనెలో ఉండే అవకాశం ఉంది. పెద్దవాళ్ల పేగుల్లో అవి పెరగలేవు, పసిబిడ్డ పేగుల్లో పెరిగి విషం పుట్టిస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. అరుదే. కానీ ఆ బిడ్డకు తేనె వల్ల ఒరిగేది ఏమిటి, పైసాలో ఇరవై నాలుగో వంతు ఇనుమా? బంగారం అంటారా, బంగారం అనే ఖనిజ పోషకం మనిషి ఒంటికి అవసరమని ఏ పట్టికలోనూ లేదు.

ఇంతా చేసి సీసాలో ఉన్నది తేనే అని ఎవరు చెప్పగలరు? 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెలను పరీక్ష చేయించింది. జర్మనీలో చేసే ఎన్‌ఎంఆర్ పరీక్షతో సహా అన్నిట్లో నెగ్గినవి మూడే. కంపెనీలు ఆ ఫలితాలను ఒప్పుకోలేదు, అది కూడా చెప్పాలి. కల్తీలో కిటుకు ఏమిటంటే, చెరకు, మొక్కజొన్నల సిరప్‌ను పట్టుకునే పాత పరీక్ష వరి నుంచి తీసిన సిరప్‌ను పట్టుకోలేదు. మొక్క కార్బన్‌ను పీల్చుకునే పద్ధతిని బట్టి చెరకు, మొక్కజొన్న ఒక జాతి. వరి, పూలమొక్కలు ఇంకో జాతి. సిరప్ కలిసిన తేనెలో ఆ 7 పైసల ఖనిజాలు కూడా ఉండవు. 27 ఖనిజాల ప్రకటన మాత్రం సీసా మీద చెక్కుచెదరదు.

తేనెకు నేను శత్రువును కాను. మా ఇంట్లోనూ ఉంది. తాళ్లు కట్టుకుని కొండ చరియల మీదకు దిగి తేనె తీసే నల్లమల చెంచుల కష్టం, మన్యంలో గిరిజనుల దగ్గర తేనె కొని అమ్మే గిరిజన సహకార సంస్థ సేవ నాకు గౌరవమే. దగ్గుకు తేనె కొంత ఉపశమనం ఇస్తుందని ఏడాది దాటిన పిల్లల మీద చేసిన పరీక్షల్లో తేలింది. బ్రిటన్ ఆరోగ్య సలహా సంస్థ 2018లో దగ్గుకు తేనెను సూచించింది కూడా. శుద్ధి చేసిన వైద్య తేనెను కొన్ని గాయాలకు వాడతారు. చిక్కదనం, ఆమ్లం, అందులో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ అక్కడ పని చేస్తాయి. రుచి సరేసరి. వీటిలో ఏ ఒక్క గుణానికీ ఇనుముతో, జింకుతో పనిలేదు. తేనె గిరాకీకి ఈ దొంగ పద్దు అక్కర్లేదు.

కనుక ఈసారి మీ ఇంటికో, మీ సంఘానికో ఎవరైనా వచ్చి తేనెలో ఇనుముందంటే, ఎంత అని అడగండి. 100 గ్రాములకు ఎన్ని మిల్లీగ్రాములు, ఏ ల్యాబు, ఏ తేదీ, ఏ పాత్రలో నిల్వ చేశారు? జవాబు కాగితం మీద రాయించుకోండి, నోటి మాట వద్దు.

ఇంట్లో రక్తహీనత ఉన్న అమ్మాయి ఉంటే ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే మాత్రలు గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు, కాన్పు తర్వాత ఇంకో 180 రోజులు. టీతో, పాలతో వేసుకుంటే ఇనుము పట్టదు. కాల్షియం మాత్రను, దీన్ని ఒకేసారి వేసుకోకూడదు, మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. కడుపులో తిప్పితే రాత్రి భోజనం అయ్యాక వేసుకోమనండి, అప్పటికీ తగ్గకపోతే మానెయ్యకుండా డాక్టరుకు చెప్పి మందు మార్పించుకోమనండి. విరేచనం నల్లగా అవుతుంది, అది మాత్ర రంగే, భయం లేదు. బిడ్డ రంగుకూ మాత్రకూ ఏ సంబంధమూ లేదు. ఈ సంగతి ఆ అమ్మాయికి కాదు, ముందు వాళ్ల అత్తగారికి చెప్పండి.